ఏ పచ్చ వెదురు?

హనుమకొండలో ఈమధ్య కొత్త ఇండ్ల గేట్ల పక్కన పసుపు వెదురు బాగా కనిపిస్తోంది. మా పెరట్లోనూ ఒక పొద ఉంది. దాన్ని నేను ‘పచ్చ కంక’ (కంక అంటే వెదురే) అన్నాను, పక్కింటావిడ ‘ఏ పచ్చ?’ అని అడిగింది. సరైన ప్రశ్నే. పసుపునూ పచ్చ అంటాం, ఆకునూ పచ్చ అంటాం. ఈ బొంగు మీద రెండూ ఉన్నాయి.

ఇది వేరే జాతి కాదు. బాంబూసా వల్గారిస్ అనే ఆకుపచ్చ వెదురులోనే వచ్చిన మార్పు, పేరు ‘విట్టాటా’. ఎదిగే మొనలో కొన్ని కణాలు పత్రహరితం తయారుచేసే శక్తిని పోగొట్టుకున్నాయి. వాటి నుంచి పుట్టినవి పసుపుగా, తక్కినవి ఆకుపచ్చగా ఉంటాయి. కణుపుల మధ్య బొంగు నిలువునా సాగుతుంది కనుక ఆ తేడా గీతలై కనిపిస్తుంది. ఆకులు మాత్రం ఆకుపచ్చవే, మొక్క తిండికి లోటు లేదు. ఒక్కోసారి పొదలోంచి గీతల్లేని ఆకుపచ్చ బొంగు లేస్తుంది. దాన్ని మొదట్లోనే కొట్టెయ్యాలి. ఊరుకుంటే పసుపును పక్కకు నెట్టేస్తుంది.

ఈ వెదురు పూయడమే అరుదు, గింజ కట్టదు. అందుకే వానలు మొదలవగానే కణుపులున్న ముక్కను మట్టిలో అడ్డంగా పాతిపెడతారు. అంటే ఏ పొదైనా ఇంకో పొదలోని ముక్కే. పిలక నేలలోంచి వచ్చేటప్పుడే తన పూర్తి లావుతో వస్తుంది, కొన్ని నెలల్లో ఎత్తు పూర్తవుతుంది, తర్వాత లావెక్కదు. పది మీటర్లు దాటే మొక్క ఇది. నేను గోడకు మూడడుగుల్లో పెట్టి తప్పుచేశాను. పిలక మీది నల్లటి నూగు తగిలితే దురద, అదో తలనొప్పి.

తట్టలల్లే మేదరి పెద్దాయన ఒకరు చూసి, ‘చూడ సక్కగున్నది గని సార్, బద్దలకు పనికిరాదు’ అన్నాడు. ఆయనకు అడవిలో పెరిగే సాధనపు వెదురు రకమే కావాలి. నేనైతే బీరపాదు పందిరికి వాడుతున్నా. దీనిలో పిండిపదార్థం ఎక్కువ, పురుగు ఇష్టంగా తొలుస్తుంది. మూడేళ్లు నిండిన బొంగు కొట్టి వారాల తరబడి నీళ్లలో నానబెడితే పిండి చాలావరకు దిగిపోతుంది. ఆ నీళ్ల వాసన మాత్రం భరించలేం.

ఆయన ఉండగానే ఆకుపచ్చ బొంగును కొట్టబోయాను. ‘అదెందుకు కొడుతున్నరు సార్? అన్నిట్ల అదే మంచిగ పెరుగుతున్నది గద!’ అన్నాడు.