చోక్ సగం లాగి చూడండి

పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో నడకలో తేడా చూపగానే చాలామంది స్క్రూడ్రైవర్ పట్టుకుని, పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు పంపే కార్బ్యురేటర్ దగ్గరికి వెళ్తారు. నన్నడిగితే అది చివరన చేయవలసిన పని. సమయానికి స్పార్క్ పుట్టించే పాయింట్లు అరిగినా, ప్లగ్గు మసిబారినా, అతుకులో గాలి దూరకుండా ఆపే గ్యాస్కెట్ చిరిగినా నింద మాత్రం కార్బ్యురేటర్‌దే.

లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువులో చూస్తే ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి. కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పాళ్లను చూసుకున్నది కార్బ్యురేటర్‌లోని ఒక ఇరుకు గొట్టం. ఇరుకులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పక్కనే పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలో, ఆ పెట్రోలు మీద మాత్రం బయటి గాలి ఎప్పటిలాగే ఒత్తుతూ ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్టు అనే సన్నని రంధ్రంలోంచి పైకి నెడుతుంది. చోక్ అంటే గాలి దారిలోని మూత; దాని పిడి లాగితే ఆ దారి చాలావరకు మూసుకుపోయి, లోపలి పీడనం ఇంకా పడిపోయి, మిశ్రమం చిక్కనవుతుంది.

అందుకే చోక్‌ను మించిన పరీక్ష నాకు కనిపించలేదు. ఇంజిను బాగా వేడెక్కాక కూడా తడబడుతుంటే చోక్ సగం లాగండి. నడక కుదుటపడితే మిశ్రమం పలచబడిందన్నమాట: జెట్టులో చెత్త చేరి ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి దూరుతూ ఉండాలి. ఇంకా పాడైతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువవుతోంది, లేదా లోపం స్పార్క్‌లో ఉంది.

ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఆగిపోయి, వేగం మీద చక్కగా నడిచే బండి సంగతి మరీ ఆసక్తికరం. ఐడిల్ జెట్టు మూసుకుపోయినా, గ్యాస్కెట్ గాలి పీల్చినా లక్షణం ఒకటే. ఐడ్లింగ్‌లో ఇంజిను తీసుకునే గాలే కొద్ది, దాంట్లో దొంగగాలి పెద్ద వాటా అవుతుంది. వేగంలో అదే గాలి లెక్కలోకి రాదు. రెండింటినీ విడదీయాలంటే కార్బ్యురేటర్ కింది అతుకు వెంట సబ్బునీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. శబ్దం క్షణకాలం మారితే గ్యాస్కెట్టే. పెట్రోలు మాత్రం చల్లవద్దు, నిప్పంటుకుంటుంది. ఐడ్లింగ్ బాగుండి వేగంలో నీరసిస్తే మెయిన్ జెట్టును, ఫిల్టర్‌ను చూడాలి.

ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా మాడితే తక్కువ, నూనె జిడ్డు ఉంటే పిస్టన్ రింగుల అరుగుదల కావచ్చు. బాధ పెట్టిన వేగంలోనే నడిపి, వెంటనే ఆపి విప్పితేనే ఆ రంగును నమ్మవచ్చు.

ఎండాకాలంలో వేడి మీద ఆగిపోయి, చల్లారాక స్టార్టయ్యే బండికి ఇద్దరు అనుమానితులు: స్పార్క్‌కు బలమిచ్చే కండెన్సర్, పైపులో ఆవిరైన పెట్రోలు. ఆగిన ఆ నిమిషంలోనే, పెట్రోలు వాసనకు దూరంగా, స్పార్క్ చూడండి. నీరసంగా ఉంటే కండెన్సర్ మార్చండి. నీలంగా, గట్టిగా దూకుతుంటే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగండి.