చుక్కజెముడు: మా డాబా మీద తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

మాది పర్లాకిమిడి. పగలు ప్లస్ టూ పిల్లలకు బాటనీ చెబుతాను, సాయంత్రాలు డాబా మీద కాక్టస్‌లు పెంచుతాను. చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఒక చిన్న కుండీ దగ్గర ఆగిపోతారు. అందులో మొక్కకు ఆకులు లేవు, ముళ్ళూ లేవు. మట్టికి అంటుకుపోయినట్టు బల్లపరుపుగా ఉంటుంది. ఎనిమిది తొనలు, ఒక్కో తొన మధ్యలో వరసగా దూది బొట్లు. పక్కవీధి మామ్మగారు ఒకసారి వంగి చూసి, "ఇదేటి మేస్టారూ, సముద్రం ఒడ్డున గుల్లలాగుంది" అన్నారు. ఆవిడ చూపు తప్పు కాదు. ఇంగ్లీషులో దీన్ని సీ అర్చిన్ కాక్టస్ అని కూడా అంటారు, అంటే ఒక సముద్రజీవి పేరే.

శాస్త్రీయ నామం ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్. ఆస్ట్రోఫైటమ్ అంటే నక్షత్ర మొక్క అని అర్థం. అందుకే మా పిల్లలకు చుక్కజెముడు అని చెబుతాను. ఆ పేరు నేను పెట్టుకున్నదే.

అపోహ: జెముళ్ళన్నీ కాక్టస్‌లే. ముళ్ళు లేకపోతే కాక్టస్ కాదు.

రెండూ తప్పే. నాగజెముడు, అంటే మా ఊళ్ళో ఒడియావాళ్ళు నాగఫేణి అనేది, నిజమైన కాక్టస్. కంచెకు వేసే బొంతజెముడు, కాడజెముడు మాత్రం ఆముదం కుటుంబానివి. గిల్లితే పాలు వస్తాయి కదా అంటారు. మామిల్లేరియా అనే కాక్టస్‌లలో కొన్నిటికీ పాలుంటాయి, కాబట్టి పాలను బట్టి తేల్చలేం. చూడాల్సింది ముల్లు మొలిచే చోటును. కాక్టస్‌కు అక్కడ చిన్న దూదిమెత్త ఉంటుంది, దాన్ని ఏరియోల్ అంటారు. చుక్కజెముడికి ముళ్ళు పోయినా ఆ మెత్తలు పోలేదు. మామ్మగారు చూసిన బొట్లు అవే.

కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలదే. రిప్సాలిస్ అనే కాక్టస్‌లలో ఒక్క జాతి మాత్రం ఆఫ్రికాలో, శ్రీలంకలో కూడా సహజంగా పెరుగుతుంది. మన నాగజెముడు కూడా బయటి నుంచి వచ్చిందే. దాని మీద బతికే పురుగు నుంచి ఎర్రరంగు తీయాలని కంపెనీ పాలకులు మద్రాసు వైపు పెంచారు. 1795లో బ్రెజిల్ నుంచి వచ్చిన పురుగు అసలు రంగు పురుగు కాదు. అది ఒక రకం జెముడును తినేసింది.

అపోహ: ఎడారి మొక్క కదా, ఎక్కడైనా బతికేస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. ఎక్కడైనా బతికేదైతే అమెరికా మొత్తంలో టెక్సాస్ దక్షిణాన స్టార్ కౌంటీ ఒక్కదానికే ఎందుకు పరిమితమవుతుంది? మెక్సికోలో కూడా తమౌలీపస్, న్వేవో లియోన్ రాష్ట్రాల్లో కొన్నిచోట్ల మాత్రమే ఉంది. 1993లో అమెరికా దీన్ని అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది.

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. ఇది పుట్టిన చోటు అలా ఉండదు. అది ముళ్ళపొదలూ గడ్డీ కలిసిన మెట్టనేల. మట్టి గులకరాళ్ళు కలిసిన బంకమన్ను, కొంచెం ఉప్పదనం కూడా ఉంటుంది. విత్తనం పొద నీడలో పడితే మొలక నిలబడుతుంది, బోసినేల మీద పడితే చాలావరకు ఎండకు మాడిపోతుంది. అలా నీడనిచ్చి కాపాడే పొదను నేను క్లాసులో దాది మొక్క అంటాను. బుల్డోజర్ పెట్టి పొదలు పీకేసి పచ్చిక వేస్తే, ఒక్క చుక్కజెముడును ముట్టుకోకపోయినా దాని తర్వాతి తరం ఉండదు.

ఇక వాన. అక్కడ ఏడాదికి 500 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. మాకు వెయ్యి దాటుతుంది, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపలే. అక్కడి బంకమన్ను తడిసినా తొందరగా ఆరిపోతుంది. అదే మట్టి నా కుండీలో పోస్తే నాలుగు నెలలు తడి ఆరదు, వేరు కుళ్ళుతుంది. అందుకే నేను నది ఇసుక, ఇటుక ముక్కలు, కొద్దిగా మొరం, బొగ్గు కలుపుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి డాబా మీది పాలిథిన్ కప్పు లేచిపోయింది. తెల్లారి చూస్తే కుండీలన్నీ నీళ్ళలో ఉన్నాయి. వారం తర్వాత పైకి బాగానే కనిపించిన మొక్కను వేలితో నొక్కాను. మగ్గిన సపోటాలా లోపలికి దిగిపోయింది. ఏడేళ్ళు పెంచిన మొక్క అది.

అపోహ: ముళ్ళు లేవు కాబట్టి దానికి రక్షణ లేదు.

దాక్కోవడమే దాని రక్షణ. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గి ముడుచుకుని నేలమట్టానికి దిగుతుంది, పైన దుమ్ము కప్పుకుంటుంది. పూతలో లేనప్పుడు పక్కనే నిలబడినా కనిపించదు. కార్విన్‌స్కీ అనే మొక్కల అన్వేషకుడు దీన్ని 1843లో సేకరించాడు, జుకారిని అనే వృక్షశాస్త్రవేత్త 1845లో వర్ణించాడు. తర్వాత 1923లో ఫ్రిచ్ అనే కాక్టస్ అన్వేషకుడు అడవిలో మళ్ళీ చూసేదాకా దాని జాడ సరిగా తెలియలేదు. అయితే ఈ రక్షణ మనిషి ముందు పనిచేయదు. అదే నేలలో పెయోటీ అనే ఇంకో ముళ్ళు లేని కాక్టస్ పెరుగుతుంది. అది ఏరేవాళ్ళు పొరపాటున దీన్నీ కోసేస్తారు.

అపోహ: ఆకులు లేవు, ఇక ఊపిరేంటి, ఆహారమేంటి?

కాండమే ఆకు పని చేస్తుంది. పగలు పత్రరంధ్రాలు మూసుకుంటుంది, రాత్రి తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆమ్లంగా దాచుకుంటుంది, మర్నాడు వెలుతురులో దాంతో ఆహారం చేసుకుంటుంది. పగటి ఎండలో నీరు పోగొట్టుకోకుండా ఉండే పద్ధతి ఇది. మన నేలకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా ఈ పాఠం ముగించలేను. కంపెనీ కాలపు వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోట మొక్కల తోటను చూసుకున్న బెంజమిన్ హెయిన్ రణపాల ఆకును నమిలి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని 1810ల్లో ఉత్తరం రాశాడు. కాక్టస్ చేసేదీ అదే పని. మా పిల్లలకు ఏటా రణపాల ఆకు నమిలిస్తాను, పొద్దున ఏడింటికి ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఆ తర్వాత పాఠం చెప్పక్కర్లేదు.

అపోహ: ఒక మొక్క పూస్తే చాలు, విత్తనం వస్తుంది.

రాదు. తన పుప్పొడిని తనే ఒప్పుకోదు. ఇంకో మొక్క పుప్పొడి కావాలి, రెండూ ఒకే రోజు పూయాలి. పసుపు పువ్వు, గొంతులో ఎర్రగా ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. అక్కడ ఈ పని తేనెటీగల జాతివి చేస్తాయి, డయాడాసియా అనే, ఒంటరిగా బతికే తేనెటీగ ముఖ్యంగా. ఇక్కడ నేను పిల్లల పెయింటు బ్రష్షుతో చేస్తాను. మొక్కలు తగ్గి దూరదూరంగా మిగిలితే తేనెటీగ ఉన్నా లాభం లేదు, ఒకే రోజు పూసే జత దొరకదు.

అపోహ: కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ లాగేస్తుంది.

లాగదు. వెలుతురు చాలక అదే సాగి పాడవుతుంది.

అపోహ: నర్సరీల్లో బోలెడు ఉన్నాయి కదా, అంతరించడమేమిటి?

నర్సరీలో దొరికేవి ఎక్కువగా జపాన్ వాళ్ళు తెల్లమచ్చల కోసం ఎంచి ఎంచి పెంచిన సూపర్ కబుటో లాంటి రకాలు. అవి అందమైనవే, కానీ అడవిలో కరువుకు తట్టుకునే గుణం కోసం ఎవరూ వాటిని ఎంచలేదు. ఎర్రచందనం మన ఊళ్ళలో ఎన్ని తోటల్లో వేసినా శేషాచలం అడవికి అది సాటి అవుతుందా? ఆ కొండల్లోనే ఉండే సైకస్ బెడ్డోమీ అనే మొక్క, మెక్సికో సరిహద్దులోని ఈ చుక్కజెముడు రెండూ సైటిస్ అనే, అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో మొదటి అనుబంధంలోనే ఉన్నాయి. అడవి నుంచి తీసినవాటిని వ్యాపారానికి దేశం దాటించకూడదు.

కొనేటప్పుడు విత్తనంతో పెంచిందేనా అని అడగండి. అడవిలో తవ్విన మొక్కకు ఒంటి మీద గీతలు, అడుగున బెరడుకట్టిన గోధుమరంగు, తెగిన వేరు కనిపిస్తాయి. కుండీలో పుట్టినది నున్నగా, తొనలన్నీ సమానంగా ఉంటుంది. అంటుకట్టినది తొందరగా పూస్తుంది, కానీ సొంత వేరు మీద నాలుగైదేళ్ళు పట్టినా నాకు అదే ఇష్టం. ఈ వేసవిలో మా డాబా మీద ఒక కాయ పగిలింది. పడవ ఆకారంలో నిగనిగలాడే విత్తనాలు పద్దెనిమిది. మూతపెట్టిన మిఠాయి డబ్బాలో వేస్తే ఐదో రోజుకి పదకొండు మొలిచాయి. ప్రస్తుతం పెసరగింజంత ఉన్నాయి, తొనలు ఇంకా రాలేదు.