పై పొర, కింది పొర: ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ గురించి అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని బడుల కంప్యూటర్ గదుల్లోనూ, దుకాణాల్లోనూ లినక్స్ యంత్రాలను అమర్చి, వాటి బాగోగులు చూసుకోవడం నా వృత్తి. మా వైపు వానాకాలంలో కరెంటు చెప్పి పోదు. యంత్రం ఏదో రాసుకుంటూ ఉండగా సరఫరా ఆగితే మెమరీ కార్డులోని ఫైల్ సిస్టమ్ చెడిపోయే ప్రమాదం ఉంటుంది కనుక, చదవడానికి మాత్రమే వీలైన ఫైల్ సిస్టమ్‌ను అడుగున ఉంచి, దాని మీద రాయదగిన పొరను పరిచే ఓవర్‌లే అనే ఏర్పాటును చాలాచోట్ల చేస్తున్నాను. వాడేవారికి రెండు పొరలూ కలిసి ఒకే ఫైల్ సిస్టమ్‌లా కనిపిస్తాయి. ఈ కనిపించడంలోనే అపోహలన్నీ పుడుతున్నాయి.

అపోహ: ఫైలులో మారిన భాగం మాత్రమే పై పొరలోకి చేరుతుంది.

వాస్తవం: మామూలుగా ఫైలు మొత్తం చేరుతుంది. రికార్డు గదిలోని అసలు దస్తావేజు మీద కలం పెట్టనివ్వరు. ఒక్క మాట దిద్దాలన్నా ముందు పూర్తి నకలు తీయించి, ఆ నకలు మీదే దిద్దాలి. ఓవర్‌లేలో కాపీ అప్ అనేది అచ్చంగా ఇదే. కింది పొరలోని ఫైలును రాయడం కోసం తెరవగానే, ఇంకా ఒక్క అక్షరమైనా రాయకముందే, దాని పూర్తి నకలు పై పొరలో తయారవుతుంది. 400 ఎంబీల డేటాబేసులో ఒక విద్యార్థి ఇంటిపేరు సరిచేస్తే పై పొరలో 400 ఎంబీలు ఖర్చవుతాయి. పై పొర టీఎంపీఎఫ్ఎస్, అంటే ర్యామ్‌లోనే ఉండే తాత్కాలిక ఫైల్ సిస్టమ్, అయితే ఇబ్బంది మరింత త్వరగా వస్తుంది, ఎందుకంటే విడిగా చెప్పకపోతే దాని గరిష్ఠ పరిమాణం ర్యామ్‌లో సగమే. 1 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఇలాంటి రెండో ఫైలుకు చోటు దొరకదు.

ఇంకా కనిపించని ఖర్చు ఒకటుంది. ఫైలు లోపలి సమాచారాన్ని ముట్టుకోకుండా దాని యజమానినో, అనుమతులనో మార్చినా ఫైలంతా పైకి వస్తుంది. యంత్రం లేచిన ప్రతిసారీ ఒక ఫోల్డర్ మొత్తానికి యజమానిని మార్చే చోన్ కమాండ్ నడిపే స్క్రిప్టు ఎక్కడో ఉండిపోయి, ఎవరూ ఏమీ రాయకుండానే పై పొర నిండిపోతుండగా, కారణం పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. 2018లో వచ్చిన 4.19 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచి మెటాకాపీ అనే ఐచ్ఛిక సదుపాయం ఉంది. దాన్ని పెట్టుకుంటే ఇలాంటి సందర్భాల్లో వివరాలు మాత్రమే పైకి వస్తాయి.

అపోహ: ఫైళ్లు తీసేస్తే చోటు మిగులుతుంది.

వాస్తవం: కింది పొరలోని ఫైలును తీసేస్తే అది అక్కడే ఉంటుంది, దాన్ని కనబడనీయకుండా చేసే వైట్‌అవుట్ అనే గుర్తు మాత్రం పై పొరలో పడుతుంది. పై పొర ఫోల్డర్‌ను నేరుగా తెరిచి వివరాల జాబితా తీస్తే, తీసేసిన ఫైలు పేరుతోనే క్యారెక్టర్ డివైస్ అనే ప్రత్యేక రకం ఫైలు కనిపిస్తుంది. పరిమాణం ఉండవలసిన చోట 0, 0 అనే రెండు సంఖ్యలు ఉంటాయి. తెలియనివారు దాన్ని చెత్త అనుకుని అక్కడ తుడిచేస్తే, తీసేశామనుకున్న పాత ఫైలు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్‌తో నడిచే రౌటర్లలోనూ ఇదే లెక్క: చదవడానికి మాత్రమే వీలైన స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కింది పొరలో ఉన్న ప్యాకేజీని కొత్త వెర్షనుకు మారిస్తే పాతది అడుగునే ఉండి, కొత్తది పైన అదనపు చోటు తీసుకుంటుంది.

అపోహ: ఇది ప్రోగ్రాములను విడివిడి కంటెయినర్లలో నడిపే డాకర్‌తో పుట్టిన సంగతి.

వాస్తవం: కాదు. ఓవర్‌లే ఎఫ్ఎస్ 2014 డిసెంబరులో 3.18 కెర్నల్‌లో చేరింది; డాకర్ అంతకుముందే, 2013లో, ఏయూఎఫ్ఎస్ అనే మరో పొరల ఫైల్ సిస్టమ్‌తో మొదలైంది.

అపోహ: ఓవర్‌లే పెట్టించాం కనుక మా డేటాకు భయం లేదు.

వాస్తవం: భయం లేనిది కింది పొరకే. ఈ మాట నేను సొంత తప్పుతో నేర్చుకున్నాను. ఒక బడిలో పై పొరను ర్యామ్‌లో పెట్టి, డేటా ఫోల్డర్‌ను విడి పార్టిషన్‌లోకి మార్చడం మరచిపోయాను. మర్నాడు మాస్టారు ఫోన్ చేసి, "ఏటి బాబూ, నిన్న ఎక్కించిన పేర్లు ఒక్కటీ నేవు?" అని అడిగారు. రాత్రి కరెంటు పోయింది, పై పొర దానితోనే పోయింది. యంత్రం మాత్రం నిక్షేపంగా లేచింది. దాచుకోవలసిన ఫోల్డర్‌ను ఓవర్‌లేకు బయట, విడిగా మౌంట్ చేయవలసిందే (అంటే వేరే పార్టిషన్‌ను అక్కడ తగిలించవలసిందే). రాస్ప్‌బెర్రీ పైలో బూట్ పార్టిషన్ కూడా ఈ పొరల కిందికి రాదు, దానికి రాత నిషేధాన్ని వేరుగా పెట్టాలి.

అపోహ: పై పొరగా ఏ పెన్‌డ్రైవ్ అయినా పనికివస్తుంది.

వాస్తవం: ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పనికిరాదు, నెట్‌వర్క్ మీద పంచుకునే ఎన్ఎఫ్ఎస్ వాటా కూడా పనికిరాదు, ఎందుకంటే పై పొర ఉండే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లను, అంటే ఫైలుకు తోడుగా ఉండే అదనపు వివరాలను, భద్రపరచగలగాలి. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 సరిపోతుంది. ఓవర్‌లే తన పనికి వాడుకునే వర్క్‌డిర్ అనే ఖాళీ ఫోల్డర్ కూడా పై పొర ఉన్న ఫైల్ సిస్టమ్‌లోనే ఉండాలి.

అపోహ: కింది పొరను ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, మార్పు వెంటనే పైకి కనిపిస్తుంది.

వాస్తవం: ఓవర్‌లే మౌంట్ అయి ఉండగా కింది పొరను మారిస్తే ఏమి కనిపిస్తుందో చెప్పలేమని కెర్నల్ పత్రాలే అంటున్నాయి. పైగా ఒకసారి నకలు పైకి వచ్చిన ఫైలుకు అడుగున ఎన్ని దిద్దుబాట్లు చేసినా ఆ నకలే కనిపిస్తుంది. అందుకే అప్‌డేట్ వేయవలసి వస్తే ఓవర్‌లేను ఆపి, రీస్టార్ట్ చేసి, పని ముగించి, మళ్లీ పెట్టి, రెండోసారి రీస్టార్ట్ చేస్తాను. ఆ రెండోసారి మరచిపోయినా యంత్రం మామూలుగానే నడుస్తుంది కాబట్టి, మౌంట్ జాబితాలో రూట్ ఎదుట ఓవర్‌లే అన్న మాట కనిపించాకే గదికి తాళం వేయిస్తాను.