న్యూట్రల్ సౌండ్ లెక్క తేలేది కర్ణభేరి దగ్గరే

ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో గీతగా చూపే హెడ్‌ఫోన్ గ్రాఫ్ మొదటిసారి చూసినవాళ్లకి వచ్చే అనుమానం ఒకటే: గీత ఇంత వంకరగా ఉంటే దీన్ని న్యూట్రల్ అని, అంటే దేన్నీ పెంచకుండా తగ్గించకుండా ఉన్నదున్నట్టు వినిపిస్తుందని, ఎలా అంటున్నారు? అనుమానం న్యాయమైనదే. మంచి స్టూడియో స్పీకర్‌ని ప్రతిధ్వని లేని గదిలో పెట్టి ఎదురుగా మైకుతో కొలిస్తే గీత చాలావరకు సమంగానే వస్తుంది. హెడ్‌ఫోన్ గీతని కూడా కర్ణభేరి దగ్గర అలాగే సమం చేస్తే మాత్రం గొంతులు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినపడతాయి.

కారణం మన చెవి నిర్మాణం. కర్ణనాళం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, బయటి చివర తెరిచి ఉంటుంది, లోపలి చివర కర్ణభేరి మూస్తుంది. ఇలాంటి గొట్టం తన పొడవుకి నాలుగు రెట్లున్న తరంగానికి, అంటే పది సెంటీమీటర్ల తరంగానికి గట్టిగా మోగుతుంది. గాలిలో శబ్దం వేగం సెకనుకి 343 మీటర్లు కాబట్టి అది దాదాపు 3,400 హెర్ట్జ్ అవుతుంది. దానికి చెవి డొప్ప, తల, భుజాలు కూడా తమ వంతు కలుపుతాయి. అందుకే ఎదురుగా మాట్లాడే మనిషి గొంతు కూడా కర్ణభేరిని చేరేసరికి 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల పది డెసిబెల్స్‌కి పైగా పెరిగి ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నది అదే కాబట్టి మెదడుకి అదే మామూలు. హెడ్‌ఫోన్ గ్రాఫ్‌లో కనిపించే ఆ గుట్ట ఉండాల్సిందే.

ఇక్కడ హెడ్‌ఫోన్‌కీ ఇయర్‌ఫోన్‌కీ అసలు తేడా మొదలవుతుంది. చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్ చెవి డొప్పనీ నాళాన్నీ వాడుకుంటుంది, గుట్టలో కొంత భాగం చెవే కట్టిపెడుతుంది. చెవిలోకి దూర్చే ఇయర్‌ఫోన్ నాళం నోరు మూసేస్తుంది కాబట్టి గొట్టం రెండు వైపులా మూసినట్టయి, సహజంగా రావాల్సిన మోత మాయమై ఇంకాస్త పైన, తరచుగా 8,000 హెర్ట్జ్ దగ్గర్లో, కొత్త మోత పుడుతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోన్ తనే తయారుచేసి ఇవ్వాలి. 1991లో వచ్చిన ఎటిమోటిక్ కంపెనీ ఇయర్‌ఫోన్ ఇఆర్-4 ఈ పనిని చాలా శ్రద్ధగా చేసింది, అందుకే దాని పేరు ఇప్పటికీ వినపడుతుంది.

మరి గుట్ట ఎంత ఎత్తుండాలి, బాస్ ఎంతుండాలి? 2012 నుంచి హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టి చేసిన పని నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే వాళ్లు వాదించుకోవడం మానేసి జనానికి వినిపించారు. మంచి గదిలో మంచి స్పీకర్లు పెట్టి, బొమ్మ తల చెవుల్లో ఉన్న మైకులతో కొలిచి, ఆ గీతని హెడ్‌ఫోన్‌లోకి తెచ్చి, వినేవాళ్ల చేతే బాస్, ట్రెబుల్ సర్దించారు. ఎక్కువమంది దాదాపు ఒకేచోట ఆగారు. ఇయర్‌ఫోన్లలో మాత్రం ఇంకొంచెం బాస్ కోరుకున్నారు. కొంతమందికి అంతకన్నా ఎక్కువ బాస్ కావాలి, కొంతమందికి తక్కువ చాలు, అది తప్పేం కాదు. ఖరీదుతో మాత్రం దీనికి సంబంధం లేదు: 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు చూస్తే ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ, అంటే ఆ గ్రాఫ్ గీతకీ, పొంతన కనపడలేదు. షాపుకి వెళ్లేముందు ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

ఇంట్లో రెండు హెడ్‌ఫోన్లనో ఇయర్‌ఫోన్లనో పోల్చాలంటే ముందు వాల్యూమ్ సమం చెయ్యాలి. ఫోన్‌లో అదే మెట్టు మీద ఉంచితే సరిపోదు, ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మోగుతుంది, కాస్త గట్టిగా మోగినదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది. గొంతు ఒకే ఎత్తులో వినపడేదాకా సర్దుకుని అప్పుడు తీర్పు చెప్పండి. ఇక సీల్, అంటే సందు లేకుండా చెవికి అతుక్కోవడం. ఇయర్‌ఫోన్ రబ్బరు టిప్ ఎక్కడైనా వదులుగా ఉంటే బాస్ మొత్తం కారిపోతుంది. మృదంగం వింటూ వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి, తొప్పి వైపు (గంభీరంగా మోగే పెద్ద వైపు) శబ్దం ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే ఇంతసేపూ మీరు విన్నది ఇయర్‌ఫోన్‌ని కాదు, ఆ సందుని. టిప్ సైజు మార్చండి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి క్లోజ్డ్ (వెనకవైపు మూసి ఉండే) హెడ్‌ఫోన్‌లో ఇదే తంటా, కాడల దగ్గర ప్యాడ్ లేచిపోతుంది.

పాటకన్నా ముందు తంబుర శ్రుతి పెట్టడం నాకు ఇష్టం. అది ఆగకుండా ఒకే తీరుగా సాగుతుంది, అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) దండిగా ఉంటాయి, ఒక హెడ్‌ఫోన్ తీసి ఇంకోటి పెట్టగానే ఎక్కడ మందమైందో ఎక్కడ గీసుకుపోతోందో చెవికి వెంటనే తెలుస్తుంది. తర్వాత మీకు బాగా అలవాటైన ఆడగొంతు ఒకటి పెట్టి స, శ, ష అక్షరాలు గమనించండి, చెవిలో గుచ్చుకుంటున్నాయా లేదా అని. హెడ్‌ఫోన్లలో కొలబద్దగా ఒకటి చెప్పమంటే నేను 1997 నాటి సెన్‌హైజర్ హెచ్‌డి 600నే చెప్తాను. అట్టడుగు బాస్ తక్కువే, కానీ గొంతు గొంతులా ఉంటుంది.

ఇయర్‌ఫోన్ల విషయంలో అంత ధీమాగా ఒక పేరు చెప్పలేను. 8,000 హెర్ట్జ్ దగ్గరి ఆ మోత నాళం పొడవు బట్టీ, టిప్ ఎంత లోతుకి దిగిందో దాన్ని బట్టీ అటూ ఇటూ జరుగుతుంది, అందుకే అక్కడి నుంచి పైన గ్రాఫ్ మీ చెవి సంగతి చెప్పదు. ఒకే స్వరం 5,000 నుంచి 12,000 దాకా నెమ్మదిగా పైకి ఎక్కే సైన్ స్వీప్‌ని తక్కువ వాల్యూమ్‌లో వినండి. ఎక్కడ ఒక్కసారిగా కీచుమంటుందో ఆ అంకె రాసుకుని ఈక్వలైజర్‌లో అక్కడే మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించండి. టిప్ మారిస్తే మళ్లీ చూసుకోవాలి.