పెట్టుబడిదారులు, ప్రతిపక్షం: పాలిటీ క్లాసులో ఏటా వినే అపోహలు - వాస్తవాలు

నల్లగొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో సాయంత్రం ఆరింటికి మా గ్రూప్స్ బ్యాచ్ మొదలవుతుంది. పొద్దున డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం, సాయంత్రం వీళ్ళకు పాలిటీ. ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. నెహ్రూ కాలంనాటి ప్రతిపక్షాల పాఠం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తి, "స్వతంత్ర పార్టీ అంటే టాటా, బిర్లాల పార్టీయే కదా సార్?" అంటారు. పిల్లలను తప్పుపట్టను. చేతికందిన మెటీరియల్‌లో అలాగే ఉంటోంది. కానీ ఆ ఒక్క మాటతో ముప్పై ఏళ్ల చరిత్ర చేజారిపోతుంది. ఏటా బోర్డు మీద చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: స్వతంత్ర పార్టీని పారిశ్రామికవేత్తలు పెట్టారు.

పెట్టింది రాజాజీ, అంటే సి. రాజగోపాలాచారి. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేసింది. భూములు కలిపి సాగు చేయాలన్న మాట వినగానే పట్టా ఉన్న ప్రతి రైతూ ఉలిక్కిపడ్డాడు. ఆ ఏడాది జూన్‌లో మద్రాసులో పార్టీ ప్రకటన వచ్చింది. తొలి అధ్యక్షుడు ఎవరో అడిగితే మా క్లాసులో సగం మంది రాజాజీ అంటారు. కాదు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆచార్య ఎన్.జి. రంగా. మన తెలుగువాడు అధ్యక్షుడైన జాతీయ పార్టీ గురించి మన పిల్లలకే తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మరి బొంబాయి వాళ్ళు లేరా అంటే, ఉన్నారు. టాటా సంస్థలో పనిచేసిన మినూ మసానీ పార్టీకి మెదడులాంటివాడు. మిల్లు యజమానుల ప్రతినిధిగా పేరున్న హోమీ మోదీ కూడా ఉన్నారు. ఆయన కొడుకు పీలూ మోదీ పార్లమెంటులో గట్టిగా మాట్లాడేవాడు. అయితే ఓట్లు బొంబాయి నుంచి రాలేదు. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 తెచ్చినవాళ్ళు రాజస్థాన్, ఒడిశా సంస్థానాధీశులు, గుజరాత్ పటేళ్ళు, మన కోస్తా, రాయలసీమ రైతులు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 1962లో 19, 1967లో 29 స్థానాలు వచ్చాయి. 1962లో జైపూర్‌లో ఆ పార్టీ అభ్యర్థి, మహారాణి గాయత్రీదేవికి పోలైన 2,46,516 ఓట్లలో 1,92,909 వచ్చాయి. అవన్నీ మహారాణి మీద అభిమానంతో పడినవి. డబ్బు ఇచ్చినవాళ్ళు వేరు, ఓటు తెచ్చినవాళ్ళు వేరు. పార్టీని అర్థం చేసుకోవాలంటే ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

అపోహ: డబ్బున్నవాళ్ళందరూ కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా ప్రతిపక్షానికి డబ్బు పోశారు.

నేను ఎక్కువసేపు చెప్పేది దీని గురించే. ఎందుకంటే జరిగింది దాదాపు తిరగబడి ఉంది. కంపెనీల విరాళాల్లో సింహభాగం అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కే వెళ్ళింది. జి.డి. బిర్లా కాంగ్రెస్ వెంటే ఉన్నారు. జె.ఆర్.డి. టాటా 1961లో నెహ్రూకు ఉత్తరం రాసి, కాంగ్రెస్‌కు ఇస్తూనే స్వతంత్ర పార్టీకి కూడా ఇవ్వాలనుకుంటున్నామని ముందే చెప్పారు. బలమైన ప్రతిపక్షం లేకుండా ఒకే పార్టీ ఏళ్ల తరబడి ఏలడం దేశానికి మంచిది కాదన్నది ఆయన వాదన. ఇవ్వడం మీ ఇష్టం, కానీ స్వతంత్ర పార్టీ అలాంటి ప్రతిపక్షం అవుతుందన్న మీ ఆశ సరైంది కాదేమో అన్న అర్థంలో నెహ్రూ జవాబిచ్చారు. ఈ ఉత్తరాల సంగతి చెప్పి ఒక్క నిమిషం ఆగుతాను. దేశంలో అంత పెద్ద పారిశ్రామికవేత్త, ప్రతిపక్షానికి చందా ఇచ్చే ముందు ప్రధానికి చెప్పి ఇచ్చాడు. అంతకంటే విడమరచి చెప్పాల్సింది ఏముంది?

ఎందుకు అలా అంటే, అప్పట్లో 1951 పరిశ్రమల చట్టం కింద కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా లైసెన్సు కావాలి. యంత్రం దిగుమతికి అనుమతి కావాలి. ఉక్కుకు కోటా కావాలి. వీటన్నిటికీ ఢిల్లీ గడప తొక్కాల్సి వచ్చేది.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. కొన్నేళ్ల కిందట మిర్యాలగూడలో నా పాత విద్యార్థి వాళ్ళ నాన్న మిల్లుకు వెళ్ళాను. ఎన్నికల రోజులు. ఉడికిన వడ్ల వాసన, మిల్లు చప్పుడు, గేటు బయట వడ్ల లారీల వరుస. సివిల్ సప్లైస్ వాళ్ళు వడ్లు ఇస్తారు, మిల్లు ఆడించి క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. చందాల మాట వస్తే ఆయన తవుడు అంటిన చేతులు దులుపుకుంటూ అన్నాడు: "ఇద్దరికీ ఇస్త సారూ. గెలిచేటోనికి కనబడేటట్లు, ఓడేటోనికి కనబడకుంట. వడ్లిచ్చేది సర్కారు, బియ్యం దించుకునేది సర్కారు. నేను ఎవల మీద కొట్లాడాలె?" అప్పటినుంచి లైసెన్సు రాజ్ పాఠం ఆ మిల్లుతోనే మొదలుపెడుతున్నాను. పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

అపోహ: లైసెన్సుల వల్ల పెద్ద కంపెనీలు నష్టపోయాయి, అందుకే ఎదురు తిరిగాయి.

కొంత నిజం, ఎక్కువ అపోహ. లైసెన్సులు ఎవరికి దక్కాయో పరిశీలించిన 1967 నాటి హజారీ నివేదిక, 1969 నాటి దత్ కమిటీ ఏం తేల్చాయో చూడండి. లైసెన్సుల్లో పెద్ద వాటా పెద్ద సంస్థలకే దక్కింది, ముఖ్యంగా బిర్లాలకు. లైసెన్సు చేతికొచ్చినవాడికి పోటీదారు రాడు. అలాంటివాడు ఆ పద్ధతి పోవాలని గట్టిగా ఎందుకు కోరుకుంటాడు?

ఇంకో సంగతి కూడా ఉంది. 1944లో టాటా, బిర్లా, లాలా శ్రీరామ్, కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ వంటివాళ్ళు కలిసి వేసిన బొంబాయి ప్రణాళికే, ఆర్థిక వ్యవస్థలో ప్రభుత్వానికి పెద్ద పాత్ర ఉండాలని అడిగింది. దానిమీద సంతకం పెట్టిన వాళ్ళలో ఎ.డి. ష్రాఫ్ ఒకరు. ఆ ష్రాఫే 1956లో ఫోరమ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ పెట్టి ప్రభుత్వ పెత్తనం మీద ఊరూరా ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు. ఒక మనిషి పన్నెండేళ్లలో ఎంత దూరం వచ్చాడో గమనించాలి. దాన్ని ద్రోహం అనక్కర్లేదు, త్యాగం అనీ అనక్కర్లేదు. చూసినదాన్ని బట్టి అభిప్రాయం మార్చుకున్నాడు, అంతే.

అపోహ: నావల్ టాటా స్వతంత్ర పార్టీ అభ్యర్థి.

ఇది మన భాష తెచ్చిపెట్టిన చిక్కు. ఒకసారి మాక్ టెస్టులో ఈ ప్రశ్న ఇస్తే నలభై మందిలో ముప్పై మందికి పైగా తప్పు రాశారు. మొదట కోపం వచ్చింది. తర్వాత వాళ్ళ నోట్సు తెరిచి చూశాను. "నావల్ టాటా 1971లో దక్షిణ బొంబాయి నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి ఓడిపోయారు" అని ఉంది. తెలుగులో ఇండిపెండెంట్‌నూ స్వతంత్ర అనే అంటాం, ఆ పార్టీనీ స్వతంత్ర అనే అంటాం. ఆయన ఏ పార్టీ లేకుండా నిలబడ్డారు. అదే ఎన్నికల్లో రాజస్థాన్‌లోని ఝుంఝునులో కె.కె. బిర్లా మాత్రం స్వతంత్ర పార్టీ టికెట్ మీదే పోటీ చేసి ఓడారు. అదే బిర్లా తర్వాత కాంగ్రెస్ తరఫున రాజ్యసభకు వెళ్ళారు. ఆ రోజు నుంచి క్లాసులో నేను "ఇండిపెండెంట్" అనే చెబుతున్నాను. అచ్చ తెలుగు మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఇక్కడ మార్కులు పోతున్నాయి.

అపోహ: ప్రతిపక్షంలో చేరిన పారిశ్రామికవేత్తలు ఏమీ పోగొట్టుకోలేదు.

ఎక్కువమంది నిలవలేదన్నది నిజమే. నిలిచిన ఆ కొద్దిమంది పేర్లయినా తెలుసుకోవాలి. ముకుంద్ ఐరన్ అండ్ స్టీల్ అధిపతి వీరేన్ షా 1967లో స్వతంత్ర పార్టీ తరఫున జునాగఢ్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఎమర్జెన్సీలో డైనమైట్‌తో పేలుళ్ళకు కుట్ర పన్నారంటూ కార్మిక నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్ మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసులో ఆయనా ముద్దాయి. ఒక ఉక్కు కంపెనీ యజమాని, ఒక కార్మిక నాయకుడు ఒకే కేసులో ముద్దాయిలు. 1977లో ప్రభుత్వం మారాక ఆ కేసు ఎత్తేశారు. వీరేన్ షా తర్వాత పశ్చిమ బెంగాల్ గవర్నర్ కూడా అయ్యారు.

రామ్‌నాథ్ గోయెంకా పేరు మన పెద్దలకు ఆంధ్రప్రభ వల్ల పరిచయం. 1938లో ఆ పత్రికను మొదలుపెట్టిన ఎక్స్‌ప్రెస్ సంస్థ ఆయనదే. 1971లో విదిశ నుంచి జనసంఘ్ తరఫున లోక్‌సభకు గెలిచారు. ఎమర్జెన్సీ పెట్టిన మూడో రోజు, 1975 జూన్ 28న, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలి అచ్చైంది. ఆ తర్వాత ఆ సంస్థ మీద పడిన ఒత్తిళ్ళు చిన్నవి కావు.

ఇంకొకరు మన పక్కనే ఉన్నారు. హైదరాబాద్ పిట్టీ కుటుంబానికి చెందిన బద్రీ విశాల్ పిట్టీ. సంపన్న వ్యాపార కుటుంబంలో పుట్టి రామ్ మనోహర్ లోహియా వెంట నడిచారు. సోషలిస్టుగా శాసనసభకూ వెళ్ళారు. కల్పన అనే హిందీ సాహిత్య పత్రిక నడిపారు. ఎం.ఎఫ్. హుస్సేన్‌కు అండగా నిలిచారు. డబ్బున్నవాడు ప్రతిపక్షంలోకి వెళితే కుడివైపుకే వెళ్తాడన్న సూత్రం ఆయన దగ్గర చెల్లలేదు.

అపోహ: కోర్టు కేసులు వేరు, పార్టీ రాజకీయాలు వేరు.

ఆర్.సి. కూపర్ కేసు మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ, 1970 ఫిబ్రవరి 10న 11 మంది జడ్జీల ధర్మాసనం ఆ చట్టాన్ని కొట్టివేయడం, జస్టిస్ ఎ.ఎన్. రే ఒక్కరే విభేదించడం. కూపర్ ఎవరు అంటే మాత్రం మౌనం. స్వతంత్ర పార్టీ నాయకుడు, బ్యాంకు వాటాదారు. ఓట్లలో గెలవలేని యుద్ధాన్ని ఆ పార్టీ కోర్టులో గెలిచింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో 8 స్థానాలకు పడిపోయింది. 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

కంపెనీలు పార్టీలకు ఇచ్చే చందాల చట్టం గురించి నాలుగు తేదీలు చాలు. 1957లో టాటా స్టీల్ కేసులో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా అలాంటి చందాకు అనుమతి ఇస్తూనే, ఇది ప్రజాస్వామ్యానికి ప్రమాదం కావచ్చని పార్లమెంటును హెచ్చరించారు. 1960లో పరిమితి పెట్టారు. 1969లో పూర్తిగా నిషేధించారు. 1985లో మళ్ళీ అనుమతించారు. ఆ నిషేధం వల్ల ఎవరు ఎక్కువ దెబ్బతిన్నారో మిర్యాలగూడ మిల్లు యజమాని మాట గుర్తుంటే మీకే తెలుస్తుంది. లెక్కలో చూపించి ఇచ్చే దారి మూసుకుపోతే, చూపించకుండా ఇచ్చే డబ్బు అధికారం ఉన్నచోటికే పోతుంది.

అపోహ: మన జిల్లాలకు ఈ కథతో సంబంధం లేదు.

ఉంది, కానీ వేరే రకంగా. స్వతంత్ర పార్టీకి ఆంధ్ర ప్రాంతంలో వచ్చిన బలం తెలంగాణలో రాలేదు. కారణం నల్లగొండవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ ప్రతిపక్షం అంటే సంఘం (ఆంధ్ర మహాసభ), సాయుధ పోరాటం, ఎర్రజెండా. 1952లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడిన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. మరి భూమి ఉన్న దొరలు ఏ పార్టీలో చేరాలి? వాళ్ళకు కొత్త పార్టీ అవసరమే రాలేదు. పోలీసు చర్య తర్వాత చాలామంది గాంధీ టోపీ పెట్టుకుని ఊళ్ళలోకి తిరిగొచ్చారు. పాలక పార్టీయే వాళ్ళ పార్టీ అయింది.

పాలమూరులో ఒక ఉదాహరణ ఉంది. వనపర్తి సంస్థాన వారసుడు జె. రామేశ్వరరావు ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థ అధిపతి. 1967లో మహబూబ్‌నగర్ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1971లో అదే స్థానం నుంచి, 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో పుట్టిన తెలంగాణ ప్రజా సమితి తరఫున గెలిచారు. ఆ ఎన్నికల్లో సమితికి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 వచ్చాయి. అదే ఏడాది సమితి కాంగ్రెస్‌లో కలిసింది. 1977లో ఆయన మళ్ళీ కాంగ్రెస్ ఎంపీ. పోయిన ఏడాది బ్యాచ్‌ను వనపర్తి తీసుకెళ్ళి ప్యాలెస్ చూపించాను. ఇప్పుడది పాలిటెక్నిక్ కాలేజీ. వరండాలో పిల్లలు డ్రాయింగ్ షీట్లు చుట్టి పట్టుకుని తిరుగుతున్నారు. మా వాళ్ళలో నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే అమ్మాయి ఆ గోడల వంక చూస్తూ అడిగింది: "సార్, మరి 1969లో రోడ్లెక్కి దెబ్బలు తిన్న విద్యార్థులు, ఈయన ఒకే పార్టీ అనుకోవాలా?" వచ్చే వారం క్లాసు దానిమీదే పెట్టాను.