తోట జపనీస్, గేటు మీద చైనీస్: 1942లో ఏం జరిగింది?

అమెరికాలో టెక్సస్ నగరమైన శాన్ ఆంటోనియోలోని జపనీస్ టీ గార్డెన్‌లో ఏ పండగో, పెళ్లో జరిగి ఫొటోలు బయటికొచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న: గేటు మీద ‘చైనీస్ టీ గార్డెన్’ అని ఉందేంటి? అక్కడి పాత కోట అలామో చూడ్డానికి వెళ్లిన టెక్సస్ తెలుగువాళ్లు కూడా పనిలో పనిగా ఇక్కడికి వెళ్తుంటారు, టికెట్ లేదు కాబట్టి. బోర్డు రాసినవాడెవడో పొరపాటు పడ్డాడని నవ్వుకునేవాళ్లే ఎక్కువ. అది పొరపాటు కాదు, కావాలనే పెట్టింది.

తోట ఎలా పుట్టిందన్నది చాలామంది రాసిందే. సిమెంట్ కంపెనీ సున్నపురాయి తవ్వుకుని వదిలేసిన గొయ్యిలో 1917-18లో పార్కుల కమిషనర్ రే లాంబర్ట్ ఖైదీల చేత చెరువులు, రాతి వంతెనలు కట్టించాడు. 1926లో నగరమే పిలిచి కిమి ఐజో జింగు అనే జపనీస్ చిత్రకారుడి కుటుంబాన్ని అక్కడ కాపురం పెట్టించింది. తేయాకు సంగతులు బాగా తెలిసిన మనిషాయన. ఆ ఇంట్లోనే ‘బాంబూ రూమ్’ పేరుతో టీ, ఫలహారాలు అమ్మారు. పిల్లలు ఎనిమిది మంది. 1938లో ఆయన పోయాక కూడా భార్య మియోషి, పిల్లలు అక్కడే ఉన్నారు.

1942లో ఆ కుటుంబాన్ని నగరం ఖాళీ చేయించింది.

‘పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక దేశమంతా అంతే కదా’ అనేది మామూలుగా వినిపించే సమాధానం. దేశమంతా ఏమీ కాదు. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 ఉత్తర్వుతో జపనీస్ కుటుంబాలను మూకుమ్మడిగా తరలించింది పశ్చిమ తీరం నుంచి. శాన్ ఆంటోనియో ఆ పరిధిలో లేదు. పదహారేళ్ల కిందట తానే పిలిచిన కుటుంబాన్ని తానే పంపేసింది. ఈ గొడవంతటికీ మూలం నాకు కనిపించినంతవరకు ఇదే. యుద్ధం మీదికి నెట్టేస్తే నగరం పాత్ర మరుగున పడిపోతుంది.

తర్వాత టీ కొట్టు ఒక చైనీస్ కుటుంబం చేతికి వచ్చింది, తోట పేరు ‘చైనీస్ టీ గార్డెన్’ అయింది. చైనా నుంచి వలసల మీద నిషేధం అప్పటికి ఇంకా అమల్లోనే ఉంది, 1943 డిసెంబరులో గానీ ఎత్తేయలేదు. అంటే చైనా మనుషులు వద్దు, చైనా పేరు మాత్రం కావాలి.

ఆ పేరుతో గేటు కట్టింది డియోనిసియో రోడ్రిగెజ్ అనే మెక్సికో కళాకారుడు. దూరం నుంచి దుంగలు నిలబెట్టి కట్టినట్టుంటుంది. దగ్గరికెళ్తే బెరడు గరుకు, కొమ్మ నరికిన చోట కణుపు, అన్నీ కనిపిస్తాయి. చెయ్యి ఆనిస్తే సిమెంట్. రంగు కలిపే కిటుకు ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదట. ఒకప్పుడు సిమెంట్‌కి రాయినిచ్చిన గొయ్యికి చివరికి సిమెంట్ చెట్లే కాపలా.

శాన్ ఫ్రాన్సిస్కోలోనూ యుద్ధకాలంలో జపనీస్ తోటను ‘ఓరియంటల్’ తోటగా మార్చారు, 1952లో పాత పేరు తిరిగి పెట్టారు. శాన్ ఆంటోనియోకి 1984 దాకా తీరిక దొరకలేదు. మేయర్ హెన్రీ సిస్నెరోస్ హయాంలో జింగు పిల్లల సమక్షంలోనే ‘జపనీస్ టీ గార్డెన్’ పేరు మళ్లీ వచ్చింది. గేటు మీద రాత మాత్రం అలాగే ఉండిపోయింది.

తీసేయాలనేవాళ్ల వాదన తేలిగ్గానే అర్థమవుతుంది: అవమానాన్ని తలమీద పెట్టుకుని పండగలేంటి అని. ఉంచాలనేవాళ్లు గేటు రోడ్రిగెజ్ పనితనం అంటారు, నిజమే. అంతకంటే బలమైన మాట ఇంకోటుంది. పేరు మార్పు కాగితాలు ఎవరూ తిరగేయరు, ఈ గేటు మాత్రం ఎవరో ఒకరి చేత ‘ఎందుకిలా’ అని అడిగిస్తూనే ఉంటుంది. అక్షరాలు చెరిపేస్తే ఆ అడగడమూ ఉండదు.

2008లో తోట మరమ్మతులై తెరుచుకుంది. 2011లో ఇల్లూ తెరిచారు, ‘జింగు హౌస్’ పేరుతో. అక్కడ మళ్లీ టీ అమ్మడం మొదలైంది.