వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న తలుపు వెనక ముప్పై ఏళ్ల కథ

మా అన్నయ్యకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఊరెళ్లాల్సిన రోజున పొద్దున్నుంచీ మంచినీళ్లు ముట్టడు, ఎండాకాలమైనా అంతే. ఓసారి ఒక పెద్ద బస్టాండులో నీలం రంగు వీల్‌చెయిర్ బొమ్మ ఉన్న తలుపు కనబడితే ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే తాళం. తాళంచెవి ఉన్న మనిషిని వెతికి పట్టుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, కమోడ్ మీద సగం వాడిన సిమెంటు బస్తా.

ఆ గది అక్కడ ఉండటానికి కారణం చట్టం. అది స్టోర్‌రూమ్‌గా మారినా ఎవరూ అడక్కపోవడానికీ చాలావరకు ఆ చట్టమే కారణం.

డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్లను బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ 1974లో పట్నాలో మొదలుపెట్టింది. రోడ్డున పోయే కోట్లమందికి అది చేసిన మేలు చిన్నది కాదు. కానీ మన పబ్లిక్ టాయిలెట్లలో ఎక్కువ భాగం గొంతుకూర్చునే రకం. ఆ బేసిన్ కింద ట్రాప్ (నీళ్లు నిలిచి వాసన ఆపే వంపు పైపు) పట్టాలన్నా, పైపుకి వాలు రావాలన్నా నేల ఎత్తు చేస్తారు. అందుకే గుమ్మం ముందు రెండు మూడు మెట్లు. మామూలు మనిషి వాటిని గమనించకుండానే ఎక్కేస్తాడు. అన్నయ్య ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

వికలాంగుల కోసం దేశంలో తొలి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. వీల్‌చెయిర్ వాడేవాళ్లకు అనువుగా మరుగుదొడ్లు మార్చాలని అందులో స్పష్టంగానే ఉంది. రైలు పెట్టెలు, వెయిటింగ్ రూములు కూడా అందులోకి వస్తాయి. అయితే ముందు ఒక మాట చేర్చారు: ‘ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి’. నా దృష్టిలో అసలు నష్టం ఆ ఒక్క మాటతోనే జరిగింది. బడ్జెట్ లేదంటే చాలు, బాధ్యత తీరిపోయినట్టే.

ప్రజా భవనాలు, రోడ్లు, రవాణా వికలాంగులకు అందుబాటులో ఉండాలని రాజీవ్ రతూరి అనే అంధుడు 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో భారత్ ఆమోదించింది. భవనాలను, రవాణాను వికలాంగులకు అనువుగా మార్చే కేంద్ర పథకం సుగమ్య భారత్ అభియాన్ 2015 డిసెంబరు 3న మొదలైంది. 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ పాత మినహాయింపును పక్కనపెట్టి, ప్రమాణాలు పాటించని భవనానికి అనుమతే ఇవ్వకూడదంది. పాత ప్రజా భవనాలను మార్చడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు లెక్క మొదలయ్యేది చట్టం కింద నియమాలు వచ్చిన నాటి నుంచి; అవి వచ్చింది 2017 జూన్‌లో కాబట్టి, గడువు 2022లోనే దాటిపోయింది.

ఆ గడువులోపు పని ఎందుకు కాలేదో తెలియాలంటే హైదరాబాద్ రావాలి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రాన్ని సుప్రీంకోర్టు నివేదిక అడిగింది. చట్టం ‘తప్పనిసరి’ అంటుంటే, నియమాలు చూపించే ప్రమాణాలు మాత్రం సలహాల్లా ఉన్నాయని ఆ పరిశీలనలో తేలింది. 2024 నవంబరు 8న రతూరి కేసులో కోర్టు ఆ ప్రమాణాల గురించి చెప్పే 15(1) నియమాన్ని చట్టవిరుద్ధమని కొట్టేసి, తప్పక పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమంది. కేసు వేసిన పంతొమ్మిదేళ్లకు వచ్చిన తీర్పు ఇది.

కొలతలు సలహాగా ఉంటే ఏమవుతుందో అన్నయ్య పక్కన నిలబడితే తెలుస్తుంది. వీల్‌చెయిర్ ఉన్నచోటే గుండ్రంగా తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. తలుపు వెడల్పు 900 ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే కుర్చీ అడ్డం వచ్చి తలుపు మూసుకోదు, ఇక పరువు దక్కాలంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడాల్సిందే. పట్టుకునే కడ్డీ గోడకి గట్టిగా బిగించి ఉండాలి. ఒకచోట అన్నయ్య బరువు వేయగానే కడ్డీ స్క్రూలతో సహా ఊడొచ్చింది.

బ్రిటన్‌లోనూ వికలాంగుల టాయిలెట్లకు తాళాలుంటాయి. కానీ 1981 నుంచి అక్కడ నేషనల్ కీ స్కీమ్ నడుస్తోంది. ఆ తాళంచెవి వాచ్‌మన్ జేబులో కాదు, అవసరమున్న మనిషి దగ్గరే ఉంటుంది. దేశమంతటా ఆ పథకంలోని వేల తలుపులు ఒకే చెవితో తెరుచుకుంటాయి.

అన్నయ్య ఫోన్‌లో మాత్రం ఒక లిస్టు ఉంది. మేం తరచూ వెళ్లే దారిలో ఏ పెట్రోల్ బంకు దగ్గర మెట్టు లేదు, ఎక్కడ కమోడ్ ఉంది, ఎక్కడ తాళం ఎవర్ని అడగాలి అన్నీ రాసుకున్నాడు. మొన్న చూస్తే అందులో పదకొండు చోట్లున్నాయి. వాటిలో రెండింటి పక్కన ‘ఇప్పుడు స్టోర్‌రూమ్’ అని రాసి ఉంది.